ఏ ఏటి భాగం, ఏ ఏటి ఇంజన్

రోటరీ ఇంజన్‌లో పిస్టన్ ఉండదు. నడుం దగ్గర కొంచెం నొక్కినట్టుండే గుడ్డు ఆకారపు గదిలో, పక్కలు ఉబ్బిన త్రికోణం లాంటి రోటర్ తిరుగుతుంది. దాని మూడు మొనల మీదా మూడు సన్నటి లోహపు పట్టీలుంటాయి. వాటిని ఏపెక్స్ సీళ్లంటారు. అవి గోడని వదిలితే ఇంజన్‌లో దమ్ముండదు. జర్మనీకి చెందిన ఫెలిక్స్ వాంకెల్ ఆలోచన ఇది. ఎన్‌ఎస్‌యూ కంపెనీ దీన్ని కార్లలో పెట్టింది. 1967లో కాస్మో కారుతో మొదలుపెట్టిన జపాన్ మాజ్డా మాత్రం దశాబ్దాల పాటు వదల్లేదు.

ఇక్కడ టెక్సస్‌లో ఓ మిత్రుడి దగ్గర 1987 మోడల్ ఆర్ఎక్స్-7 ఉంది. ఒక సీలు విరిగి, రోటర్ మొనని కొరికేసింది. 1990 కారులోంచి తీసిన రోటర్ల జత ఒకటి తక్కువ ధరకి దొరికింది. పెట్టొచ్చా? విప్పడం, బిగించడం అతని పని. ఏది దేనికి సరిపోతుందో పట్టిక రాయడం నా పని. సాఫ్ట్‌వేర్‌లో నేను రోజూ చేసేది అదే కాబట్టి.

జవాబు 'పెట్టొచ్చు, కానీ' అని మొదలవుతుంది. రెండూ 13బీ ఇంజన్లే. రెండిట్లోనూ గది కొలత 654 సీసీ. సీళ్లు రెండిట్లోనూ 2 మిల్లీమీటర్ల మందం. అయితే టర్బో లేని 1986-88 రోటర్ల కంప్రెషన్ 9.4 అయితే, 1989-91 వాటిది 9.7. పైగా కొత్తవి తేలిక. రోటర్ షాఫ్ట్ మధ్యలో కాకుండా పక్కకి జరిగి తిరుగుతుంది కాబట్టి, ఆ ఊపుని సరిచెయ్యడానికి ముందూ వెనకా బరువులుంటాయి. మాన్యువల్ గేర్ల బండిలో వెనక బరువు ఫ్లైవీల్‌లోనే కలిసి ఉంటుంది. అంటే రోటర్లతో పాటు ఆ బరువులు కూడా అదే కాలానివి తెచ్చుకోవాలి. లేదంటే ఇంజన్ స్టార్టవుతుంది, నడుస్తుంది, వేగం పెరిగేకొద్దీ అదురుతూ బేరింగుల్ని తినేస్తుంది.

ఇంకా చిత్రమైంది నీళ్ల సీలు సంగతి. 1985 దాకా ఆ రబ్బరు రింగు కూర్చునే గాడి రోటర్ హౌసింగ్‌లో ఉండేది. 1986 నుంచి దాన్ని పక్కనుండే ఇనప పలకలోకి మార్చారు. పాత పలకనీ కొత్త హౌసింగ్‌నీ కలిపితే ఎటువైపూ గాడి ఉండదు. కొత్త పలకనీ పాత హౌసింగ్‌నీ కలిపితే రెండు గాళ్లు ఎదురెదురుగా వస్తాయి. రెండు భాగాలూ విడివిడిగా చూస్తే నిక్షేపంగా ఉంటాయి. తప్పు ఏ భాగంలోనూ లేదు, అతుకులో ఉంది.

ఇలాంటి అతుకుల విద్య నాకు అమెరికాలో కొత్తగా తెలిసిందేం కాదు. మాది కొడకండ్ల. నాయిన స్ప్లెండర్ ఇరవయ్యేళ్లు దాటింది. సీడీ-100, స్ప్లెండర్, ప్యాషన్ అన్నిట్లోనూ అదే 97.2 సీసీ ఇంజన్ కావడం వల్ల, ఒక బండి మూలపడితే ఇంకో నాలుగు బండ్లు బతుకుతాయి. 2020లో బీఎస్-6 వచ్చి కార్బురేటర్ స్థానంలో ఫ్యూయల్ ఇంజెక్షన్ చేరాక ఆ చుట్టరికం కొంత తెగింది.

రెండేళ్ల కింద ఆ బండి పొగ కక్కడం మొదలుపెట్టింది. మెకానిక్ కొత్త పిస్టన్ తెప్పించి పెడితే బోరులో గలగలలాడింది. అసలు బోరు 50 మిల్లీమీటర్లు. ఎప్పుడో ఎవరో దాన్ని అర మిల్లీమీటరు పెంచి, పెద్ద పిస్టన్ వేశారు. "ఎవరో బోరు కొట్టించిండ్రు సార్, నాకెట్ల ఎర్కైతది?" అన్నాడు. "ఎవలన్న రాసిపెట్టిండ్రా ఏంది!" అని నాయిన ఫోన్‌లో నా మీద కసురుకున్నాడు. మళ్లీ సిలిండర్ జనగామకి పోయింది, ఇంకో సైజు పిస్టన్ వచ్చింది. అన్నీ కలిపి పది రోజులు. షుగర్ మందులకీ, పొలానికీ, దేనికైనా ఆ బండే ఆధారం ఆయనకి. ఆ పది రోజులూ ఆటో కోసం రోడ్డు మీద నిలబడ్డాడు. పాత మెకానిక్ చేసిన పని గట్టిదే, అన్నేళ్లు నడిచింది. రాసిపెట్టకపోవడమే లోపం.

ఇక్కడ నాకు మా పక్కనే ఉన్న పాలకుర్తి మండలం బమ్మెర గుర్తొస్తుంది. పోతన భాగవతం అని మనం చదువుతున్న పన్నెండు స్కంధాల్లో అన్నీ పోతనవి కావు. ఐదోది గంగనది, ఆరోది ఏర్చూరి సింగనది, పదకొండూ పన్నెండూ వెలిగందల నారయవి. అసలు భాగం ఎందుకు లేకుండా పోయిందన్నదాని మీద కథలు చాలానే ఉన్నాయి. 'ఇది పోతన కాదు' అంటూ ఆ స్కంధాల్ని దాటేసి చదివేవాళ్లు నాకు తెలుసు. ఆ రుచి భేదం నాకూ తెలుస్తుంది. కానీ అవి లేకపోతే చేతికందేది విప్పిపెట్టిన ఇంజనే కదా. ఈ ముగ్గురూ పోతన పేరు చాటున దాక్కోలేదు. స్కంధం చివరి గద్యలో ఎవరి పేరు వాళ్లు చెప్పుకున్నారు. అందుకే ఇన్ని వందల ఏళ్ల తర్వాత కూడా ఏ భాగం ఎవరిదో మనకి తెలుస్తోంది.

అచ్చంగా పాతదే ఉండాలన్న పట్టుదలతో ఏ యంత్రమూ ఎక్కువ కాలం బతకదు. ఏదో ఒకటి తగిలిస్తే చాలన్నా బతకదు. అతుకు రెండు వైపులా కొలవాలి, కొలిచింది రాసిపెట్టాలి. మిత్రుడు 1990 రోటర్లనీ, వాటికి తగిన బరువుల్నీ బిగించాడు. ఏ భాగం ఏ ఏటిదో రాసిన కాగితం కారు డాష్‌బోర్డ్ అరలో పెట్టాడు. ఇక నాయిన బండి సీటు కింద, ఆర్సీ జిరాక్స్ వెనక, ఆయన చేతిరాతతో ఒక లైను ఉంది: పిస్టన్ 0.75, తారీఖు. కింద బోలెడు ఖాళీ ఉంది.