గ్లుటమేట్ వేషంలో వచ్చిన పప్పు

మా టీమ్‌లో ఒకతనిది మధ్యప్రదేశ్‌లోని రీవా. వాళ్ల తాత నడక గురించి ఒకసారి లంచ్‌లో చెప్పాడు. మోకాళ్లు ఒకదానికొకటి రాసుకుంటూ, మునివేళ్ల మీద, కర్ర పట్టుకుని నడిచేవారట. కారణం పోలియో కాదు, యాక్సిడెంటూ కాదు. పప్పు! కరువు రోజుల్లో కూలికి డబ్బుల బదులు కేసరి పప్పు ఇచ్చేవాళ్లట. నెలల తరబడి ఇంట్లో అదే తిండి.

పప్పు తింటే కాళ్లు పడిపోవడమేంటి? ఆ రాత్రి నిద్ర పట్టక చదవడం మొదలుపెట్టాను.

మన మెదడులో ఒక కణం పక్క కణాన్ని 'లే, పని చెయ్' అని తట్టి లేపాలంటే ఎక్కువగా వాడేది గ్లుటమేట్. అది వెళ్లి పక్క కణం మీదున్న రిసెప్టర్‌కి అతుక్కుంటుంది. గేటు తెరుచుకుంటుంది, సోడియం లోపలికి వస్తుంది, కొన్ని గేట్ల నుంచి కాల్షియం కూడా. పని అయిపోగానే గ్లుటమేట్‌ని అక్కడి నుంచి తీసేయాలి. ఆ డ్యూటీ ఆస్ట్రోసైట్లు అనే కణాలది. అవి దాన్ని లోపలికి లాక్కుని, గ్లుటమిన్‌గా మార్చి, మళ్లీ నరాల కణాలకే పంపిస్తాయి. ఈ శుభ్రం చేసే పని ఆగితే గేట్లు తెరుచుకునే ఉంటాయి. కాల్షియం నిండిపోయి కణం చచ్చిపోతుంది.

కేసరి గింజలో ఓడాప్ అనే పదార్థం ఉంటుంది. దాని ఆకారం గ్లుటమేట్‌కి దగ్గరగా ఉండటంతో రిసెప్టర్ మోసపోతుంది. మా భాషలో చెప్పాలంటే, వేరేవాళ్ల ఐడీ కార్డుతో లోపలికొచ్చిన మనిషి లాంటిది. దెబ్బ ముఖ్యంగా కాళ్లను నడిపించే నరాల మీద పడుతుంది. తెలివికి ఏమీ కాదు, కాళ్లు మాత్రం బిగుసుకుపోతాయి. పోయిన నడక తిరిగి రాదు.

1964లో బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఎస్.ఎల్.ఎన్. రావు, పి.ఆర్. ఆదిగ, పి.ఎస్. శర్మ ఈ విషాన్ని గింజ నుంచి వేరుచేసి, దాని నిర్మాణం చెప్పారు. రావుగారు తర్వాత మన ఉస్మానియాలో బయోకెమిస్ట్రీ ప్రొఫెసర్‌గా కూడా ఈ గింజ మీద పని చేశారు. రోజూ ఆ క్యాంపస్ పక్క నుంచి బస్సులో వెళ్తూ ఈ సంగతి నాకు తెలియనే లేదు.

ఇప్పుడు మీకో డౌట్ వస్తుంది. మరి ఫ్రైడ్ రైస్‌లో వేసే అజినోమోటో కూడా గ్లుటమేటే కదా? అవును. కానీ తిన్నదాంట్లో చాలావరకు పేగు కణాలే ఇంధనంగా వాడేసుకుంటాయి. రక్తంలో మిగిలిందాన్ని మెదడు గోడ అంత తేలిగ్గా లోపలికి రానివ్వదు. అందుకే ఆ రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు.

కేసరి పప్పు ఎప్పుడో ఓసారి కొంచెం తిన్నంత మాత్రాన కాళ్లు పడిపోవు. నెలల తరబడి, వేరే తిండి లేకుండా తింటేనే ప్రమాదం. నానబెట్టి, ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే విషం చాలా తగ్గుతుంది. కానీ కరువులో నీళ్లెక్కడివి? వానల్లేకపోయినా, పొలంలో నీళ్లు నిలిచినా బతికే మొండి పంట ఇది. అన్నీ ఎండిపోయాక మిగిలేది ఇదొక్కటే. పేదవాడి కంచంలోకి అలాగే వచ్చింది. 1961లోనే దీని అమ్మకంపై నిషేధం తెచ్చారు. కానీ ఆకలి చట్టం చదవదు కదా!

రాయ్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఓడాప్ బాగా తక్కువున్న 'మహాతివ్‌రా' అనే రకాన్ని తెచ్చింది. కరువుకి తట్టుకునే గుణం ఉంచుకుని, విషం తగ్గించడం. ఈ మాట చెబితే మా టీమ్‌మేట్ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మా తాతకి కావాల్సింది మంచి విత్తనం ఒక్కటే కాదు, కూలి డబ్బుల్లో ఇచ్చే యజమాని కూడా" అన్నాడు.