దబా హువా రంగు

మా ఇళ్లల్లో తెల్లటి పిల్లని తెల్లగా ఉందనరు. ‘రంగ్ సాఫ్ హై’ అంటారు. సాఫ్ అంటే శుభ్రం. మరి నల్లగా పుట్టిన మేం? మురికి అని మొహం మీద అనరు. మర్యాదగా ‘నాక్ నక్షా అచ్ఛా హై, రంగ్ జరా దబా హువా హై’ అంటారు. ముక్కూ మొహం బాగానే ఉన్నాయి, రంగే కాస్త అణిగింది అని. రంగు దానంతటదే అణగదు. అణిచినవాళ్లు ఎవరు? ఎందుకు అణిచారు? మేం అడుగుతున్న ప్రశ్న ఇదే.

ములుగు చుట్టుపక్కల మా పల్లెల్లో పయామ్ వచ్చిందంటే ఇల్లంతా పరీక్ష హాలవుతుంది. మగవాళ్లు బైట చాయ్ తాగుతుంటే వచ్చిన ఆడవాళ్లు లోపల మమ్మల్ని చూస్తారు. జడ పొడవు చూస్తారు. నడిపించి చూస్తారు. పౌడర్ మీద నమ్మకం లేక కుర్తా చెయ్యి పైకి జరిపి మోచేతి రంగు చూస్తారు. ఆ తర్వాత బేరం. రంగు ఒక మెట్టు దిగితే జోడే కీ రఖమ్ ఒక మెట్టు ఎక్కుతుంది. మగవాడే మహర్ ఇవ్వాలన్న మజహబ్‌లో మా రంగుకి జుర్మానా మేం కడుతున్నాం. పంక్చర్ దుకాణం మీద బతికే అబ్బా, మిర్చి ఏరబోయే అమ్మీ అప్పు చేసి కడుతున్నారు. ఆ అప్పు తీర్చడానికి అమ్మీ ఎండలో ఇంకా నల్లబడుతుంది.

బురఖాలో ఉండేవాళ్లకి అందంతో పనేమిటని బైటివాళ్లు నవ్వుతారు. బురఖా వీధిలో మమ్మల్ని దాస్తుందేమో గానీ, పయామ్ వచ్చిన గదిలో దాచదు.

ఇల్లు దాటితే ఇంకో తీర్పు. బళ్లో, బస్సులో, పనిచేసే చోట పేరు చెప్పగానే ‘నువ్వు తురకోళ్ల పిల్లవా? అట్ల కనబడవు. తురకోళ్లు ఎర్రగ బుర్రగ ఉంటరు గదా!’ అంటారు. మెచ్చుకున్నారో తీసిపారేశారో అర్థం కాదు. మావాళ్ల లెక్కలో పెళ్లికూతురిగా చాలం. బైటివాళ్ల లెక్కలో ముస్లింలుగా చాలం.

ఈ రెండు మాటల వేరు ఒక్కటే. ముస్లిం అంటే ఎక్కడినుంచో గుర్రమెక్కి వచ్చినవాడని బైటివాళ్లు నమ్ముతారు. మాలో అరబ్బు వంశమనీ పఠాన్ రక్తమనీ చెప్పుకునే కుటుంబాలు దాన్నే గొప్పగా చెప్పుకుంటాయి. కానీ తెలుగు ముస్లింలలో ఎక్కువమంది ఈ నేలమీది కులాల్లోంచి, చేతివృత్తుల్లోంచి కలిమా చదివి వచ్చినవాళ్లే. దూది ఏకినవాళ్లు, నేసినవాళ్లు, పొలం దున్నినవాళ్లు. వాళ్ల ఎండే మా ఒంటి మీద ఉంది. మా నలుపు మా చిరునామా. ‘మీ దేశానికి మీరు పొండి’ అని అరిచేవాళ్లకి మా చర్మమే జవాబు. అలాగని తెల్లగా పుట్టిన మా చెల్లెళ్లు పరాయివాళ్లని కాదు. రంగు చూసి ఎవరినీ పైకెత్తొద్దు, ఎవరినీ బైటికి నెట్టొద్దు.

ఈ చిరునామాని చెరుపుకోమని ట్యూబుల్లో మందు అమ్ముతున్నారు. ఫెయిర్ అండ్ లవ్‌లీ 1975లో బజారుకొచ్చింది. 2020లో అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత నల్లవాళ్ల ఉద్యమం ప్రపంచమంతా లేచాక, పేరులోంచి ఫెయిర్ తీసేసి గ్లో పెట్టారు. పేరు మారింది, అద్దం ముందు అడిగే ప్రశ్న మారలేదు. ఇక ఊరూ పేరూ లేని క్రీముల సంగతి మరీ ఘోరం. కొన్నింట్లో స్టెరాయిడ్, అది చర్మాన్ని పల్చన చేస్తుంది. కొన్నింట్లో పాదరసం, అది ఒంట్లోకి దిగి కిడ్నీలను తింటుంది. 2023లో కేరళ మలప్పురంలో కిడ్నీ జబ్బుతో వచ్చిన కొందరి విషయంలో డాక్టర్లు ఆరా తీస్తే ఇలాంటి తెల్లబరిచే క్రీములే బయటపడ్డాయి. సాఫ్ అనే ఒక్క మాట కోసం ఒళ్లు పాడుచేసుకోవాలా?

2025 మేలో హైదరాబాద్‌లో 72వ మిస్ వరల్డ్ పోటీలు జరిగాయి. 14వ తేదీన ఆ అందగత్తెల్ని మా ములుగు జిల్లాకే, పాలంపేట రామప్ప గుడికి తీసుకొచ్చారు. లోపలికి వెళ్లేముందు ఇక్కడి ఆడవాళ్లు వాళ్ల కాళ్ల మీద నీళ్లు పోశారు. కొందరి పాదాలు తువ్వాలుతో తుడిచారు. అతిథి మర్యాద అన్నారు కొందరు, అవమానం అన్నారు కొందరు. వచ్చిన పిల్లల మీద మాకు కోపం లేదు. వాళ్లనీ నడిపించి చూశారు, నవ్వించి చూశారు, మార్కులేశారు. మా పయామ్ గదికీ ఆ వేదికకీ తేడా దీపాల వెలుగులోనే ఉంది. ఇక్కడ అత్తగారు చూస్తుంది, అక్కడ ప్రపంచం చూస్తుంది. కాళ్లు కడిగిన చేతులకి మాత్రం ఎక్కడా మార్కుల్లేవు.

ఆ గుడిని 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. గుడి గోడలు ఎర్రరాయి. పైన చూరు కింద నిలబడ్డ మదనికలు మాత్రం నల్లరాయి. అందం చెక్కాలనుకున్న చోట శిల్పి నలుపునే ఎంచుకున్నాడు. అద్దంలా మెరిసే ఆ రాయిని చూసి దబా హువా అన్నవాళ్లు లేరు. ఆ నడుముల సన్నదనం మగవాడి కొలతేనని మాకు తెలుసు. ఆ కొలతల్లోకి ఒదుగుతామని మేం అనడం లేదు. నలుపుకి ధర తగ్గించడం ఈ నేల విధించిన శాసనం కాదని మాత్రం ఆ రాయి సాక్ష్యం చెబుతోంది.

ఇదే జిల్లాలో మేడారం ఉంది. మేం మొక్కకపోయినా జాతరంటే ఏమిటో తెలిసినవాళ్లం. సమ్మక్క సారలమ్మలకి విగ్రహాల్లేవు. చిలకలగుట్ట నుంచి సమ్మక్క కుంకుమ భరిణె రూపంలో వస్తుంది. ఆమె తెల్లగా ఉందా, పొడుగ్గా ఉందా అని ఎవరూ అడగరు. పోరాడిందని తలుచుకుంటారు. అక్కడ ఆడది తక్కెడలో కూర్చుంటే ఆమె ఎత్తు బెల్లం తూచి, దాన్ని బంగారమంటారు. మమ్మల్ని తూచే తక్కెడ ఇంకొకటి ఉంది. అందులో మా బరువు పెరిగినా తప్పే, తగ్గినా తప్పే.

మా మజహబ్‌లోనూ మాకు సాక్షి ఉన్నాడు. మొట్టమొదటి అజా ఇచ్చిన గొంతు హబ్షీ బానిసగా బతికిన బిలాల్‌ది. రోజుకి ఐదుసార్లు ఆ పిలుపు వింటూ, నల్లపిల్లని చూసి మొహం చిట్లించే హక్కు ఎవరిచ్చారు?

మమ్మల్ని మేం ఒప్పుకోవాలని ఇప్పుడు అందరూ చెబుతున్నారు. అద్దం ముందు నిలబడి బాగానే ఉన్నామని సర్దిచెప్పుకుంటే రఖమ్ తగ్గదు. అమ్మీలారా, ఆపాలారా, ఇంట్లో సాఫ్ అనే మాట ఆపండి. పురిట్లో బిడ్డ చెవుల రంగు చూసి పెద్దయ్యాక ఎంత నల్లబడుతుందో లెక్కలు వేయకండి. క్రీము కొనే డబ్బుతో పిల్లకి పుస్తకం కొనండి. చెయ్యి పైకి జరిపి చూడబోయిన చుట్టాలకి ‘మహర్ ఎంత ఇస్తారు?’ అని మేమే అడుగుతాం. జవాబు లేకపోతే చాయ్ ఇచ్చి పంపిస్తాం.