తారు కింద నుంచి పైకొచ్చిన వాగు

‘పాత మాల్ చూద్దాం రా నాన్నా’ అని సియాటెల్‌లో మా అమ్మాయి నార్త్‌గేట్‌కి తీసుకెళ్లింది. తీరా చూస్తే నా ముందున్నది వాగు! తుంగ గడ్డి, రాళ్లు, మీద చిన్న వంతెనలు... అటూ ఇటూ అపార్ట్‌మెంట్లు.

1950లో తెరిచిన నార్త్‌గేట్ అమెరికాలో తొలితరం మాల్స్‌లో ఒకటి. కార్ల కోసం ఎకరాలకొద్దీ తారు పరిచారు. అక్కడి థార్న్‌టన్ వాగు పాయ కాస్తా భూమిలో గొట్టం పాలైంది. మన నాలాల సంగతి గుర్తొచ్చి నవ్వుకున్నాను. వానొస్తే రోడ్ల మీది నూనె, మడ్డి అంతా అందులోకే. దిగువన సాల్మన్ చేపలుంటాయి మరి!

వాగును బయటికి తీయాలని స్థానికులు, కట్టడాలు కావాలని స్థలం ఉన్నవాళ్లు. ఏళ్లతరబడి తగవు. చివరికి రాజీ కుదిరి, 2009 నాటికి 2.7 ఎకరాలు నీటికి దక్కాయి. పక్కనే ఇళ్లు, దుకాణాలు లేచాయి. చుట్టూ 680 ఎకరాల మీద పడిన వాననీరు ఈ మొక్కల మధ్య నెమ్మదించి, బురద వదిలించుకుని ముందుకు సాగుతుంది.

అయితే పూర్తి గెలుపు అనలేం. గొట్టం ఇంకా అడుగునే ఉంది, పెద్ద వానల నీరు అందులోనే పోతుంది.

ఇక మాల్‌లో 2019కల్లా చాలా దుకాణాలు మూతపడ్డాయి. 2021లో ఆ స్థలంలో ఐస్ హాకీ మైదానాలు, పక్కనే రైల్వే స్టేషన్ వచ్చాయి.

మేమూ ఆ రైల్లోనే వచ్చాం. సన్నగా తుంపర పడుతోంది. అమ్మాయి గొడుగు తెరవబోతే వద్దన్నాను.