ఆమె దాచిన తప్పు

చిన్నప్పుడు మా నోటుపుస్తకాలన్నిటికీ ‘సోవియట్ భూమి’ కాగితాలే అట్టలు. అలా నా లెక్కల పుస్తకం మీదికొచ్చింది వాలెంటీనా తెరిష్కోవా, హెల్మెట్‌లోంచి నవ్వుతూ. బట్టల మిల్లులో పనిచేసిన ఆ అమ్మాయి 1963 జూన్ 16న వొస్తోక్-6లో ఒంటరిగా వెళ్లి, దాదాపు 71 గంటల్లో భూమిని 48 సార్లు చుట్టి వచ్చింది. తల్లికి మాత్రం పారాచూట్ శిక్షణకని అబద్ధం చెప్పి వెళ్లిందట. (సినిమాకి వెళ్లాలన్నా మేం చెప్పినవి అలాంటివే కదా!)

అసలు సంగతి దశాబ్దాల తర్వాత ఆమే చెప్పింది. కిందికి దిగాల్సిన నౌక ఇంకా పైకి వెళ్లేలా అమర్చి ఉంది. ఆమె కనిపెట్టి చెప్తే, కింద నుంచి సరిచేసిన లెక్కలు పంపారు. ఆ పొరపాటు ఎవరికీ చెప్పొద్దని కొరొల్యోవ్ అడిగాడు. ఆమె చెప్పలేదు. ఆమె గురించి మాత్రం మగవాళ్లు చాలానే చెప్పుకున్నారు: బెదిరిపోయిందని, పని సరిగా చెయ్యలేదని. మరో స్త్రీ, స్వెత్లానా సవీత్స్కయా, అంతరిక్షంలోకి వెళ్లేసరికి 1982 వచ్చింది. పందొమ్మిదేళ్లు!

ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా డిపార్ట్‌మెంట్‌లో ఒక పెద్దాయన మార్కుల జాబితా తప్పుగా వేస్తే, తెల్లవార్లూ కూర్చుని దిద్దింది నేను. “బయట అనకమ్మా, ఆయన పరువు పోతుంది” అన్నారు అందరూ. అనలేదు. ఆ ఏడాదే నా ఫైలులో ‘బాధ్యత తక్కువ’ అని ఆయన రాశాడు.

ఇన్నేళ్లకి ఇది రాస్తున్నాను. పేరు దగ్గరికొచ్చేసరికి ఇప్పటికీ కలం ఆగిపోతోంది.