బయటికొచ్చేదాకా ఆగొద్దు

మెక్సికోలోని కాన్‌కూన్ విమానాశ్రయంలో మమ్మల్ని మొదట పలకరించినాయన ఇస్త్రీ నలగని తెల్లచొక్కా వేసుకున్నాడు. మెడలో కార్డు, చేతిలో అట్ట, దాని మీద ఏవో పేర్ల జాబితా. "ఏ హోటల్?" అన్నాడు. చెప్పాం. జాబితాలో వేలు పెట్టి వెతికి, "ఆఁ, మీరే! రండి రండి" అన్నాడు. డాలస్‌లో ఇంటికి తాళం వేసింది మొదలు మమ్మల్ని "రండి" అన్నవాళ్ళు లేరు. ఇంకేముంది, సూట్‌కేసులు లాక్కుంటూ ఆయన వెనకాల నడిచాం.

అది 2017 మార్చి, పిల్లల స్ప్రింగ్ బ్రేక్. ఆయన మేం బుక్ చేసుకున్న వ్యాన్ తాలూకు మనిషి కాదు, విమానాశ్రయం ఉద్యోగి అంతకన్నా కాదు. టైమ్‌షేర్ (ఏటా కొన్ని రోజులు రిసార్టులో ఉండే హక్కు) అమ్మేవాళ్ళ మనిషి. ఆ సంగతి మాకు తెలిసేసరికి కౌంటర్ దగ్గర కుర్చీల్లో కూర్చున్నాం, పిల్లలు వాళ్ళిచ్చిన జ్యూసు సగం తాగేశారు. తిరుగు ప్రయాణానికి వ్యాన్ ఉచితం, మాయా శిథిలాలున్న చిచెన్ ఇట్జాకి టూరు సగం ధరకే. బదులుగా మర్నాడు పొద్దున్న ఒక రిసార్టులో టిఫిన్ చేసి, తొంభై నిమిషాలు వాళ్ళు చెప్పేది వినాలి. భార్యాభర్తలిద్దరూ రావాలి, క్రెడిట్ కార్డు తేవాలి. వస్తామన్న నమ్మకానికి 20 డాలర్ల డిపాజిట్. కట్టాం.

తొంభై నిమిషాలు నాలుగు గంటలైంది. మొదటి టేబుల్ దగ్గర ఒకావిడ మా పిల్లల చదువుల గురించి మా అమ్మకన్నా ఎక్కువ ఆసక్తిగా అడిగింది. తర్వాత ఒక ధర రాసి చూపించింది. వద్దన్నాం. మేనేజరొచ్చాడు, ధర తగ్గింది. వద్దన్నాం. ఇంకో టేబుల్, ఇంకో మేనేజరు. మూడో టేబుల్‌కి వచ్చేసరికి ధర మూడో వంతయింది. ఇంత తగ్గించగలిగిన సరుక్కి ఆ మొదటి రేటు ఎలా కట్టారని మా ఆయన అమాయకంగా అడిగితే ఆ మనిషి మొహంలో నవ్వు పోయింది. కిటికీ అవతల సముద్రం ఆకుపచ్చగా మెరుస్తూనే ఉంది. మేం దాన్ని చూడ్డానికే కదా వచ్చింది!

మాకున్న అదృష్టమల్లా సంతకం పెట్టకపోవడమే. పెట్టినవాళ్ళకి ఒక్క మాట: అక్కడి చట్టం ప్రకారం టైమ్‌షేర్ ఒప్పందాన్ని ఐదు పనిదినాల్లోపు రద్దు చేసుకోవచ్చు. ఈ విషయం ఏ టేబుల్ దగ్గరా పెద్దగొంతుతో చెప్పరు. ఇంకో నష్టం కూడా జరిగింది. మొదటిరోజు విమానాశ్రయం లోపల మేం జ్యూసులు తాగుతుంటే, మేం ముందుగా డబ్బు కట్టిన వ్యాన్ డ్రైవరు బయట మా పేరు పట్టుకుని నిలబడి నిలబడి వెళ్ళిపోయాడు.

కాశీ వెళ్ళినవాళ్ళకి ఇదంతా తెలిసిన వ్యవహారమే. రైలు దిగీదిగగానే పండాలు చుట్టుముట్టి "ఏ ఊరు? ఏ గోత్రం?" అంటారు. ఇక్కడ "ఏ హోటల్? ఎన్ని రాత్రులు?" అంటారు. ప్రశ్న మారిందంతే. కాశీలో మనకి అనుమానం పుడుతుంది. విదేశంలో, ఏసీ హాల్లో, మెడలో కార్డున్న మనిషి ఇంగ్లీషులో అడిగేసరికి ఆ అనుమానం ఎటో పోతుంది. అదే చిక్కు.

కాన్‌కూన్ విమానాశ్రయం అమరిక ఇలా ఉంటుంది. విమానం దిగాక ఇమ్మిగ్రేషన్, తర్వాత సామాన్లు, తర్వాత కస్టమ్స్. అక్కడ తలుపు తెరుచుకుంటే బయటపడ్డామనిపిస్తుంది. కాదు. ఆ తలుపుకీ వీధికీ మధ్య ఒక హాలుంది. రెండు పక్కలా కౌంటర్లు, వాటి మీద 'ట్రాన్స్‌పోర్ట్', 'ఇన్ఫర్మేషన్' లాంటి బోర్డులు, వాటి ముందు చొక్కా నలగని మనుషులు. "మీ వ్యాన్ ఇక్కడే", "టాక్సీ చీటీ ఇక్కడే తీసుకోవాలి", "అమిగో, ఒక్క నిమిషం" అంటారు. ముందుగా బండి మాట్లాడుకున్నవాళ్ళకి అక్కడ పనేమీ లేదు. మీ డ్రైవరు ఆ హాల్లో ఉండడు. భవనం దాటాక, ఎండలో, అట్టముక్క మీద పేరు రాసుకుని ఉంటాడు. "నో, గ్రాసియాస్" అనండి, అంటూ నడవండి. కాళ్ళు మాత్రం ఆపకండి.

చెప్పినంత తేలిక కాదనుకోండి. 2023 డిసెంబరులో రెండోసారి వెళ్ళినప్పుడు అత్తయ్యగారు, మామయ్యగారు మాతో ఉన్నారు. విమానంలోనే అందరికీ పాఠం చెప్పి ఉంచాను. తీరా హాల్లోకి రాగానే ఎవరో "వేర్ ఆర్ యూ ఫ్రమ్, సర్?" అన్నారు. మామయ్యగారు హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి. అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పకుండా వెళ్ళడం ఆయన వల్ల కాదు. ఆగి, "తెనాలి" అని, అది ఏ జిల్లాలో ఉందో కూడా వివరించడం మొదలుపెట్టారు. మా పెద్దాడు వెనక్కి పరిగెత్తి తాతగారి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు. "పాపం, మర్యాదగా అడిగాడురా" అని దారంతా ఆయన బాధ.

బయటికొచ్చాక తేమతో కూడిన వేడి ఒక్కసారి మొహానికి తగులుతుంది. అక్కడే బారు, అక్కడే పాట, అక్కడే వందమంది డ్రైవర్లు. మా డ్రైవరు "మయికర్హూనా! మయికర్హూనా!" అని అరుస్తూ తిరుగుతున్నాడు. ఎవరో మెక్సికన్ పెద్దాయన కోసం అనుకుని మేం పక్కన నిలబడ్డాం. డ్రైవరు చేతిలో అట్ట చూశాక తెలిసింది, అది మా ఆయన పేరు, మల్లికార్జున. స్పానిష్‌లో రెండు ఎల్‌లు పక్కపక్కన వస్తే 'య' అంటారు, జె అక్షరాన్ని 'హ' అంటారు, వి అక్షరాన్ని 'బ' అంటారు. ఆ లెక్కన నేను విజయ కాదు, బిహాయ. కాబట్టి చెవుల్ని నమ్ముకోకండి, అట్టలు చదవండి. బుకింగ్ నంబరు, ఆ సంస్థ వాట్సాప్ నంబరు స్క్రీన్‌షాట్ తీసి ఫోన్లో ఉంచుకోండి. "మీ బండి రాదట, నాకు ఫోనొచ్చింది, నా బండెక్కండి" అనేవాళ్ళు బయట కూడా ఉంటారు. ఆ నంబరు చూపించి "నేనే మాట్లాడతాను" అంటే పక్కకి తప్పుకుంటారు.

బండి మాట్లాడుకోకుండా వెళ్తే మంచి దారి బస్సు. ఏడీఓ (ADO) బస్సులు టెర్మినళ్ళ దగ్గర్నుంచే కాన్‌కూన్ ఊళ్ళోకీ, ప్లాయా దెల్ కార్మెన్‌కీ వెళ్తాయి. ఏసీ ఉంటుంది, పెట్టెలు కింద అరలో పెట్టి చీటీ ఇస్తారు, సీటు నంబరు ఉంటుంది. మన గరుడ బస్సెక్కినట్టే ఉంటుంది. ప్లాయాకి సుమారు గంట. కానీ కాన్‌కూన్ బస్సు ఊళ్ళో స్టేషన్‌కి తీసుకెళ్తుంది, బీచి హోటళ్ళకి కాదు. ఆ హోటళ్ళు ఉండేది వేరే చోట. ఒకవైపు కరీబియన్ సముద్రం, ఇంకోవైపు నిచుప్తే మడుగు, మధ్యలో ఏడు అంకె ఆకారంలో ఇరవై కిలోమీటర్లు దాటిన ఇసుకపట్టీ. దాని పొడవునా కుకుల్‌కాన్ బులెవార్డ్ అనే ఒకే రోడ్డు. హోటల్ చిరునామా కూడా 'ఫలానా కిలోమీటరు' అనే ఉంటుంది. ఊళ్ళోంచి అక్కడికి ఆర్-1, ఆర్-2 సిటీ బస్సులున్నాయి. కుర్రవాళ్ళకి సరదా. పెద్దవాళ్ళతో, నాలుగు పెట్టెలతో అయితే ముందే వ్యాన్ మాట్లాడుకోవడం మేలు. ఇంకోటి, ఆ మడుగులో మొసళ్ళుంటాయి. కాళ్ళు కడుక్కుందామని దిగకండి.

తులుం వెళ్ళాలనుకునేవాళ్ళు టికెట్ కొనేముందు ఒకటి గమనించాలి. 2023 డిసెంబరు నుంచి తులుంకి వేరే విమానాశ్రయం ఉంది. పాత అలవాటుతో కాన్‌కూన్‌లో దిగితే అక్కడినుంచి రోడ్డు మీద దాదాపు రెండు గంటలు.

మళ్ళీ లోపలికి వెళ్దాం, ఇమ్మిగ్రేషన్ దగ్గర ఒక మాట మిగిలింది. 2017లో విమానంలోనే రెండు ముక్కల కాగితం ఇచ్చి నింపమన్నారు. కింది ముక్క తిరిగొచ్చేదాకా ప్రాణంలా దాచుకోవాల్సి వచ్చింది. 2023లో ఆ కాగితం లేదు. పాస్‌పోర్టులో ముద్ర వేసి, ఎన్ని రోజులుండొచ్చో పెన్నుతో రాసిచ్చారు. గరిష్ఠంగా 180 రోజులు ఇవ్వొచ్చు గానీ, ఎన్నివ్వాలో ఆఫీసరు ఇష్టం. హోటల్ బుకింగ్, రిటర్న్ టికెట్ అడుగుతారు, చేతిలో ఉంచుకోండి. అంకె ఎంత రాశారో కౌంటర్ వదలకముందే చూసుకోండి.

కస్టమ్స్‌లో మొదటిసారి వెళ్ళినప్పుడు ఒక బటన్ ఉండేది. నొక్కితే పచ్చ లైటొస్తే వెళ్ళిపోవచ్చు, ఎర్ర లైటొస్తే పెట్టె విప్పాలి. మా చిన్నాడికి మొత్తం ట్రిప్పులో నచ్చింది అదొక్కటే. రెండోసారికి అది తీసేసి అందరి పెట్టెలూ ఎక్స్‌రేలో పెడుతున్నారు. పళ్ళు, కరివేపాకు, మాంసం పచ్చళ్ళు వద్దు. వేప్‌లు అసలే వద్దు, దేశంలోకి తేవడమే నిషేధం. 2023 జనవరి నుంచి బీచిలో సిగరెట్టు కాల్చడం కూడా నిషేధమే.

డబ్బు సంగతి. పెసోకీ డాలర్‌కీ గుర్తు ఒకటే. ఎస్ మీద గీత. నీళ్ళ సీసా మీద ఆ గుర్తు పక్కన 60 అని చూసి అత్తయ్యగారు సీసా కింద పెట్టేశారు. అది పెసోల్లో. 2023లో డాలరుకి సుమారు 17 పెసోలు. విమానాశ్రయంలో డబ్బు మార్చే కౌంటర్ల రేటు దండగ. బ్యాంకు ఏటీఎంలో పెసోలే తీసుకోండి. "మా రేటు ప్రకారం డాలర్లలో వసూలు చేయమంటారా?" అని తెర మీద అడిగితే వద్దని నొక్కండి. వద్దన్నా డబ్బు వస్తుంది, మీ బ్యాంకు ఇంతకన్నా మంచి రేటే ఇస్తుంది. టిప్పులకి అమెరికా చిల్లర నాణేలు ఇవ్వకండి, అక్కడ మార్చుకోవడానికి కుదరదు. ఒక డాలరు నోట్లు తీసుకెళ్ళండి. విసిటాక్స్ అని కాన్‌కూన్ ఉన్న కింతానా రో రాష్ట్రం 2021లో పెట్టిన పర్యాటక పన్ను ఒకటుంది, ఆన్‌లైన్‌లో కట్టాలి. ప్రభుత్వ సైట్‌లాగే కనిపిస్తూ రెట్టింపు గుంజే సైట్లు కూడా ఉన్నాయి, చూసి కట్టండి. మేం కట్టాం. చూపించమని అడిగినవాళ్ళు మాత్రం మాకు తగల్లేదు.

గడియారం కూడా కాస్త చూసుకోవాలి. కింతానా రో రాష్ట్రం 2015 నుంచి ఏడాదంతా ఒకే టైం పాటిస్తోంది. మార్చిలో మాకు డాలస్‌తో తేడా లేదు. డిసెంబరులో అక్కడ గంట ముందు. ఫోన్లు వాటంతట అవే మారతాయి, మామయ్యగారి హెచ్ఎంటీ వాచీ మారదు. తిరుగు ప్రయాణం రోజు వ్యాన్ కింద హారన్ కొడుతుంటే ఆయన తాపీగా "ఇంకా గంటుందమ్మా" అని గడ్డం గీసుకుంటున్నారు.

హోటల్లో గది మధ్యాహ్నం 3 గంటలకి గానీ ఇవ్వరు. స్విమ్ డ్రెస్సులు, మందులు చేతిసంచిలో ఉంటే పెట్టెలు వాళ్ళకప్పగించి కొలనులో దిగొచ్చు. మేం గది కోసం కూర్చున్నప్పుడు ఎర్రటి షర్బత్ ఇచ్చారు. పేరు 'హమైకా'. అత్తయ్యగారు ఒక గుక్క తాగి, "ఇది గోంగూర పులుపే" అన్నారు. నిజమే, ఎర్ర గోంగూర కాయల మీది రేకులు ఎండబెట్టి కాచే పానీయం అది. ఆ వారమంతా ఆవిడ కాఫీ ఊసెత్తలేదు.

ఇంత చెప్పి, అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది చివర్లో చెబుతున్నాను. మాతో రావాల్సిన ఇంకో కుటుంబం డాలస్ దాటలేదు. ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకి చెల్లుబాటయ్యే అమెరికా వీసా గానీ, గ్రీన్ కార్డు గానీ ఉంటే మెక్సికో వీసా అక్కర్లేదు. అత్తయ్యగారు వాళ్ళు అలాగే వచ్చారు, పదేళ్ళ విజిటర్ వీసా మీద. వీసా పాత పాస్‌పోర్టులో ఉంటే రెండు పాస్‌పోర్టులూ పట్టుకెళ్ళాలి. మా స్నేహితుడికి హెచ్-1బి పొడిగింపు వచ్చింది, దాని మంజూరు పత్రం ఐ-797 ఉంది, ఐ-94 ఉంది. పాస్‌పోర్టులో వీసా స్టాంపు మాత్రం అంతకు ఏడాది కిందటే అయిపోయింది. గడువు తీరిన స్టాంపుతోనే అమెరికాకి తిరిగి రావడానికి ఆటోమేటిక్ రీవాలిడేషన్ ఉందని ఎవరో చెప్పారట. 30 రోజుల్లోపు మెక్సికో వెళ్ళొచ్చేవాళ్ళకి అది ఉన్నమాట నిజమే. కానీ అది తిరిగొచ్చేటప్పటి మాట. మెక్సికోలో అడుగు పెట్టాలంటే చెల్లే స్టాంపు కావాలి, లేకపోతే మెక్సికో కాన్సులేట్ నుంచి వీసా తెచ్చుకోవాలి. ఐ-797 వీసా కాదు. చెక్-ఇన్ కౌంటర్ దగ్గరే ఆపేశారు. వాళ్ళ ఆరేళ్ళ పాప అమెరికాలోనే పుట్టింది, దాని పాస్‌పోర్టుకి ఏ అడ్డూ లేదు. గాగుల్స్ తలకి పెట్టుకుని సూట్‌కేసు మీద కూర్చుని, "నేనొక్కదాన్నీ వెళ్ళొచ్చా?" అని అడిగింది.

వీసా నిబంధనలు మారుతుంటాయి. టికెట్లు కొనేముందు మెక్సికో కాన్సులేట్ పేజీ ఒకసారి చదవండి. ఇంట్లో అందరి పాస్‌పోర్టులూ బల్ల మీద పెట్టి, స్టాంపు ఎప్పటిదాకా ఉందో ఒక్కొక్కటే తిప్పి చూడండి.