మూడో కుప్ప

"మీ ఇంట్లో పెట్టెలు తూచే త్రాసు ఉందా?" అంటూ పక్కింటావిడ మా అమ్మాయి ఇంటి తలుపు తట్టేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. అమెరికా వచ్చి రెండు నెలలైనా నేను మోసుకొచ్చిన వస్తువుల్లో ఒక్కటీ ఎవరికీ అక్కరకు రాలేదు మరి!

"చూశావా? అక్కడికి త్రాసెందుకమ్మా అని నవ్వావు" అని అమ్మాయి వంక ఓసారి చూసి, ఆ కొక్కెం త్రాసు పట్టుకుని నేనే బయల్దేరాను.

మా అమ్మాయి వాళ్ళుండేది పెన్సిల్వేనియాలో, పిట్స్‌బర్గ్‌కి గంట దూరంలో ఓ చిన్న ఊళ్ళో. పిట్స్‌బర్గ్ అంటే మనవాళ్ళకి వెంకటేశ్వరస్వామి గుడి గుర్తొస్తుంది. అక్కడి పల్లెల వాళ్ళకి మాత్రం నవంబరు వచ్చిందంటే లేళ్ళ వేట గుర్తొస్తుంది. గురువారం థాంక్స్‌గివింగ్ పండగ, శనివారం తుపాకి వేట మొదలు. 2019కి ముందు సోమవారం మొదలయ్యేదట. ఆ ఆనవాయితీ కొద్దీ ఇప్పటికీ చాలా బళ్ళు ఆ సోమవారం సెలవిచ్చేస్తాయి. "అమ్మమ్మా, మాకు లేడి సెలవు" అని మా మనవరాలు గంతులేస్తుంటే, దీపావళికి సెలవు లేదు గాని దీనికుందా అని ముక్కున వేలేసుకున్నాను.

పక్కింటావిడకి డెబ్భై దాటాయి. పన్నెండో ఏట తండ్రి వెంట అడవికి వెళ్ళిందట, అప్పట్నుంచీ ఏడాదీ మానలేదట. మాదేమో వంకాయ తరిగేటప్పుడు లోపల పురుగుంటే పాపం అనుకునే ఇల్లు. పైగా 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక మన దేశంలో లేడిని కొడితే జైలే. అయినా ఒకరి గడపలోకి వెళ్ళి వాళ్ళ తిండికి వంక పెట్టడం మర్యాద కాదు కదా! ఊరుకున్నాను.

కారు షెడ్డులో బల్ల మీద రెండు వీపుసంచులున్నాయి. ఒకటి ఆవిడది. రంగు వెలిసిన కాన్వాసు సంచి, రెండు చోట్ల మాసిక. రెండోది ఆవిడ మనవడిది. కాలేజీ చదువుతున్న కుర్రాడు, కొత్తగా కొన్నాడు. మిలటరీ వాళ్ళ బాణీలో, నల్లగా, దాని ఒళ్ళంతా అడ్డపట్టీలు. ఆ పట్టీలకి చిన్న చిన్న సంచులు, సంచులకి కొక్కేలు, కొక్కేలకి తాళ్ళు, కత్తి, టార్చిలైటు, నీళ్ళ సీసా. సంక్రాంతికి ఇంటి ముందుకొచ్చే గంగిరెద్దుకి కూడా అన్ని అలంకారాలుండవు.

ఆ పట్టీల ఏర్పాటుని 'మాలీ' అంటారట. మాలీ అంటే నాకు తోటమాలి గుర్తొచ్చాడు గాని, అది అమెరికా సైన్యం వాళ్ళు 1990ల చివర తెచ్చిన పద్ధతి. అంగుళం వెడల్పు పట్టీలు వరసగా కుట్టి ఉంటాయి. ఏ చిన్న సంచి ఎక్కడ కావాలంటే అక్కడ అల్లి బిగించుకోవచ్చు. సిపాయికి పనికొచ్చింది వేటగాడికి పనికిరాదా అని కుర్రాడి వాదన. "చీకట్లో చెయ్యి పెడితే కావలసిన వస్తువు చేతికి తగలాలి. నీ సంచిలో అయితే అంతా కుమ్మరించి వెతకాలి" అంటాడు.

ఆవిడ ఒక్కొక్క వేలూ మడిచి చెప్పుకొచ్చింది. పట్టీలు కొమ్మలకి తగులుకుంటాయి. కొక్కేలు గలగలమంటాయి. ఆ చిర్రుమని ఊడే వెల్‌క్రో, అదే చంటిపిల్లల బూట్లకుంటుందే, అది లాగితే ఆ చప్పుడుకి పక్క కొండ మీది లేడి కూడా పరారు. ఇక మిలటరీ వేషం దేనికి? ఒకరి తూటా ఇంకొకరికి తగలకుండా తల, ఛాతీ, వీపు మీద కలిపి 250 చదరపు అంగుళాల నారింజరంగు కనిపించాలని అక్కడి రూలు. ఆ రంగు మనకి మెరిసినట్టు లేడి కంటికి మెరవదు. లేడి పసిగట్టేది కదలికని, చప్పుడుని, వాసనని. ఆవిడ తొడుక్కునేది ఎరుపూ నలుపూ గళ్ళ ఉన్నికోటు. పెళ్ళికొడుకు సూటుతో పోల్చి దాన్ని అక్కడివాళ్ళు 'పెన్సిల్వేనియా టక్సీడో' అని వేళాకోళం చేస్తారు. ఉన్ని గనక చప్పుడు చెయ్యదు. దాని మీద నారింజరంగు చొక్కా వేసుకుంటుంది.

"వేటకి వెళ్తున్నావా, యుద్ధానికా? లేడి మన శత్రువు కాదు" అంది చివరికి.

కుర్రాడు తగ్గలేదు. "మరి నీ సంచి ఎక్కడిది? తాతయ్య నాన్న రెండో ప్రపంచయుద్ధం అయ్యాక సైన్యం వాళ్ళ పాత సామాను కొట్లో కొన్నదేగా! అది పాతదైతే వేటసంచి, ఇది కొత్తదైతే యుద్ధసంచి అయిందా?"

నిజం చెప్పొద్దూ, నాకు నవ్వాగలేదు. ఆవిడా నవ్వేసింది. ఇద్దరూ కలిసి తూకం వెయ్యమని నన్ను పంచాయితీకి పెట్టారు. కొక్కేనికి తగిలించి ఎత్తాను. ఆవిడది నాలుగున్నర కిలోలు. కుర్రాడిది పదమూడు. తుపాకి కాక! లేడి పడితే దాన్ని తాడు కట్టి ఈడ్చుకురావాలి. అంతా మోసుకుపోయేవాడికి తిరిగొచ్చేటప్పుడు బలమేదీ అని ఆవిడ ప్రశ్న.

తర్వాత కాఫీ ఇస్తూ రెండు కథలు చెప్పింది. జార్జి వాషింగ్టన్ సియర్స్ అని ఒకాయన ఆ రాష్ట్రంలోనే వెల్స్‌బరో అనే ఊళ్ళో ఉండేవాడట. చెప్పులు కుట్టే పని, వేట సరదా, ఊపిరితిత్తుల జబ్బు. బరువు మొయ్యలేడు గనక తేలిక సామాను కనిపెట్టుకున్నాడు. 1883లో ఆయన అడవి సరస్సుల్లో తిరిగిన పడవ బరువు ఐదు కిలోలకి లోపే. 'నెస్‌మక్' అన్న కలంపేరుతో 1884లో 'వుడ్‌క్రాఫ్ట్' అని పుస్తకం రాశాడు. తేలిగ్గా వెళ్ళండన్నదే దాంట్లో మంత్రం.

రెండో కథ నాకు మరీ నచ్చింది. పక్క రాష్ట్రం ఒహాయోలో ఎమ్మా గేట్‌వుడ్ అనే ఆవిడ, పదకొండుమంది పిల్లల తల్లి, 1955లో 67 ఏళ్ళ వయసులో, కాస్త నడిచొస్తానని పిల్లలతో చెప్పి వెళ్ళి, రెండువేల మైళ్ళ పైచిలుకు అపలాచియన్ కొండబాటంతా ఒక్కతే నడిచేసిందట! కాళ్ళకి మామూలు గుడ్డ బూట్లు. భుజాన చేత్తో కుట్టుకున్న సంచి. దాంట్లో ఓ దుప్పటి, వానకి కప్పుకోను స్నానాలగది తెర. అంతకు ముందు ఏడాది బయల్దేరి, దారి తప్పి, కళ్ళజోడు పగలగొట్టుకుని వెనక్కి వచ్చిన మనిషే ఆవిడ!

నేను వినయంగా నా రెండు పెట్టెల సంగతి చెప్పాను. ఒక్కోటి 23 కిలోలు. కుక్కరు గాస్కెట్లు నాలుగు, కొవ్వొత్తులు, గొడుగులు రెండు, సూదీ దారం, జండూబామ్ డజను, తాళాలు మూడు. ఆవిడ నవ్వలేదు. "ఇన్ని తెచ్చుకున్నారంటే ఎప్పుడో ఏదో లేక ఇబ్బంది పడ్డారన్నమాట" అంది.

ఆ మాట నన్ను ఎక్కడ తాకాలో అక్కడ తాకింది.

మావారు తేలిక మనిషి. మాకు పెళ్ళయిన కొత్తలో రైలెక్కితే ట్రంకుపెట్టె, హోల్డాలు, మరచెంబు, కూజా, పులిహోర డబ్బా. "ఇంత సామానెందుకే? ఊరేగా వెళ్తున్నాం, వలస పోవటం లేదుగా" అనేవారు. నలభై ఏళ్ళు ఆ మాట పడ్డాను గాని ఒక్క వస్తువు తగ్గించలేదు. మూడేళ్ళ కిందట, దగ్గరి బంధువుల పెళ్ళికి పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చేద్దామని బయల్దేరాం. గుమ్మంలో నా సంచి చూసి మళ్ళీ అదే పాట. ఆ ఒక్కరోజు నాకు విసుగొచ్చి, "సరే, మీ ఇష్టప్రకారమే కానివ్వండి" అని మందుల సంచి తీసి బల్ల మీద పెట్టేశాను. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్రల డబ్బీ దాంట్లోనే ఉంది. పెళ్ళిలో భోజనాలప్పుడు ఆయనకి నొప్పి వచ్చింది. ఆస్పత్రికి చేరేలోగానే అయిపోయింది.

మాత్ర వేసుకున్నా దక్కేవారు కాదమ్మా అని డాక్టరుగారు రెండుసార్లు చెప్పారు. కావచ్చు. కానీ అప్పట్నుంచీ నా సంచి బరువు పెరుగుతూనే ఉంది. ఆ డబ్బీ ఎక్కడికెళ్ళినా నా వెంటే వస్తుంది. అమెరికాకీ వచ్చింది. ఈ సంగతి అమ్మాయికి తెలియదు.

శనివారం తెల్లారకుండానే ఆవిడా మనవడూ వెళ్ళారు. పొద్దు గూకినా రాలేదు. కిటికీ దగ్గర నేను కాపలా. ఏడింటికి బండి వచ్చింది. లేడి లేదు. ఆవిడ మాత్రం మనవడి భుజం పట్టుకుని కుంటుతూ దిగింది. తడి ఆకుల మీద జారి మడమ బెణికిందట. ఆవిడ టార్చిలైటు సరిగ్గా అప్పుడే ఆరిపోయింది. కుర్రాడి గంగిరెద్దు సంచిలోంచి సాగే కట్టుగుడ్డ, రెండో లైటు వచ్చాయి. చీకట్లో చెయ్యి పెడితే చేతికి తగిలాయట!

"అయితే మీరు ఓడిపోయినట్టేనా?" అన్నాను మర్నాడు పలకరించడానికి వెళ్ళి.

"ఒక లైటూ ఒక కట్టూ గెలిచాయి. మిగతా పది కిలోలు కాదు" అంది. అంటూనే మనవడి చేత నేల మీద టార్పాలిను పరిపించింది. అడవి నుంచి వచ్చాక వాళ్ళింట్లో అదో ఆచారం. సంచి బోర్లించి మూడు కుప్పలు పెడతారు. వాడినవి ఒక కుప్ప. వాడనివి ఒకటి. వాడకపోయినా వదిలి వెళ్ళకూడనివి మూడోది. దిక్సూచి, ఈల, తడవని డబ్బాలో అగ్గిపుల్లలు, కట్టుగుడ్డ, అలాంటివి. రెండో కుప్ప ఇంట్లో ఉండిపోతుంది. కుర్రాడివి రెండో కుప్పలోకి పదకొండు వస్తువులు పోయాయి. చిన్న గొడ్డలి దగ్గర కాస్త బతిమాలుకున్నాడు గాని సాగలేదు. ఆవిడ మూడో కుప్పలోకి ఇంకో లైటు చేరింది.

"తేలిగ్గా వెళ్ళడమంటే ధైర్యం కాదు. లెక్క. ఏడాదికోసారి ఈ లెక్క చూసుకోకపోతే భయమంతా సంచిలోకే పోతుంది" అంది మడమకి ఐసు అద్దుకుంటూ.

నా తిరుగు ప్రయాణం సంక్రాంతికి ముందు. సర్దే రోజున గది తలుపు దగ్గరికి వేసి, దుప్పటి పరిచి, నేనూ మూడు కుప్పలు పెట్టాను. మొదటి కుప్ప చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది. రెండోది మంచమంత అయింది. మూడో దాంట్లో పాస్‌పోర్టు, కళ్ళజోడు, నా బి.పి. మాత్రలు. చివరికి చేతిలో మావారి డబ్బీ మిగిలింది. లోపలి మాత్రలకి గడువు ఎప్పుడో తీరిపోయింది. మూడేళ్ళుగా నేను మోస్తున్నది మందు కూడా కాదన్నమాట. ఆయన లేరు. మాత్రలకి పనిలేదు. మరి ఇది రెండో కుప్పేగా? చెయ్యి రాలేదు.

ఎంతసేపు అలా కూచున్నానో, అమ్మాయి తలుపు తోసుకుని వచ్చింది. డబ్బీ చూసింది. "నాన్నదా?" అంది. ఇక దాచలేక ఆ పొద్దుటి సంగతి, సంచి తీసి బల్ల మీద పెట్టిన సంగతి, అంతా చెప్పేశాను. అది మాట్లాడకుండా విని, నా పక్కన నేల మీద కూచుంది.

"ఆ రోజు పొద్దున నాన్న ఫోన్ చేశారమ్మా. ఇవాళ మీ అమ్మ మొదటిసారి నా మాట వింది, వట్టి చేతుల్తో హాయిగా పెళ్ళికి వెళ్తున్నాం అని ఒకటే నవ్వు" అంది.

మూడేళ్ళలో ఈ మాట నాతో అది అనలేదు. నేను బాధపడతానని దాచిందట. దాని పెట్టెలోనూ ఓ డబ్బీ ఉందన్నమాట.

గడువు తీరిన మాత్రలు తీసేసి, నా బి.పి. మాత్రలు ఆ డబ్బీలో పోసుకున్నాను. ఇప్పుడది రోజూ పొద్దున్నే వాడే వస్తువు. ఏ కుప్పలోకి వస్తుందో మీరే చెప్పండి.

పెట్టె తూచితే పదిహేడు కిలోలే. గర్వంగా అందర్నీ పిలిచి చూపించాను. అదే పొరపాటయింది. ఖాళీ ఉందిగా అని అమ్మాయి చాక్లెట్లు, బాదంపప్పు, ఆడపడుచులకి విటమిను సీసాలు కూరేసింది. విమానాశ్రయంలో మళ్ళీ 22 కిలోల ఎనిమిదివందల గ్రాములు! మావారుంటే ఏమనేవారో నాకు తెలుసు.

త్రాసు మాత్రం వెంట తెచ్చుకోలేదు. పక్కింటావిడకి ఇచ్చేసి వచ్చాను.