నడిమి ముక్క

రాజంపేట చేపల బజారులో సాల్మన్ దొరకదు. బొచ్చె చేప తెచ్చాను. జపాన్ వాళ్ళ 'తెరియాకి'లో 'తెరి' అంటే మెరుపు, 'యాకి' అంటే కాల్చడం. ముక్కల్ని ముందు పెనం మీద రెండువైపులా కాల్చి, సోయా సాస్, చక్కెర, మిరిన్ కలిపి చివర్లో పొయ్యాలి. మిరిన్ అంటే బియ్యంతో చేసే తియ్యటి మద్యం. దొరికినా అమ్మ వంటింట్లోకి రానివ్వదు. అల్లం రసం, బెల్లంతో సరిపెట్టాను.

"చేపల్లో బెల్లమా? ఏందిమే ఇది!" అంది అమ్మ.

విమల 'వంటిల్లు' కవిత మీద నా థీసిస్‌లో ఒక అధ్యాయమే ఉంది. అది రాసినన్నాళ్ళూ నాకు వండిపెట్టింది అమ్మే. (కృతజ్ఞతల పేజీలో అమ్మకి ఒక్క వాక్యం దక్కింది.)

మా ఇంట్లో పులుసు రోజు నడిమి ముక్కలు నాన్నకి, అన్నకి. చదువుకుంటున్నానని నాకూ ఒకటి. తల, తోక అమ్మకి. తలకాయంటేనే ఇష్టమనేది. పులుసులో ఏ ముక్క ఎవరికి పోయిందో గరిటె పట్టుకున్న మనిషికే తెలుస్తుంది. ఈ వంటలో అట్లా కుదరదు. మనిషికొక ముక్క, కళ్ళెదురుగా. ఇప్పుడు ఇంట్లో ఉన్నది ఇద్దరమే. రెండూ నడిమి ముక్కలే వేశాను.

సన్నమంట మీద పాకం చిక్కబడుతుంటే గరిటెతో ముక్కల మీద పోస్తూ ఉండాలి. బెల్లం కదా, ఏమరితే మాడుతుంది. ఒకటి మాడింది. బాగున్నది అమ్మ పళ్ళెంలో పెట్టాను. తను మాట్లాడకుండా పళ్ళేలు మార్చేసింది. నేను మళ్ళీ మార్చాను.

తింటూ తింటూ, "తలకాయ ఏం చేసినావు?" అంది.

ఫ్రిజ్‌లో పెట్టానన్నాను.

"రేపు పులుసు పెడతా. అది నాకు నిజంగానే ఇష్టం."

ఆ 'నిజంగానే'కి ఏం చెప్పాలో నాకు తోచలేదు.